మింగిన జవాబులు

దవడ కింద అంటించే ఆ బిళ్ళకి ప్రయోగశాలవాళ్ళు పెట్టుకున్న పేరు మౌనమాపని. కాగితాల మీద తప్ప ఆ పేరు ఎవరి నోటా పలకలేదు. అందరూ దాన్ని గుటక బిళ్ళ అనేవారు. రూపాయి బిళ్ళంత ఉంటుంది. మనిషి మాట్లాడబోయి మానేస్తే కనిపెట్టేస్తుంది. ఏం మాట్లాడబోయాడో మాత్రం దానికి తెలీదు. అదీ తెలిస్తే ఇక దేశంలో కాపురాలు నిలుస్తాయా! మాట గొంతుదాకా వచ్చి, పలకడానికి కండరాలు సిద్ధమై, అక్కణ్ణించి వెనక్కి వెళ్ళిపోయిందన్న ఒక్క సంగతిని తెరమీద చిన్న గుట్టలా గీసి చూపిస్తుంది, అంతే.

దాన్ని తయారుచేసిన డాక్టర్ శశిరేఖ విశాఖపట్నంలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ సైన్సు ప్రొఫెసరు. పాతికేళ్ళు పాఠాలు చెప్పి ఆవిడ ఒక సంగతి గమనించింది. ప్రశ్న అడగ్గానే సగం తెలిసిన మగపిల్లలు చెయ్యెత్తేస్తారు. మొత్తం తెలిసిన ఆడపిల్లలు పక్కవాళ్ళ మొహాలు చూసి, గుటకవేసి ఊరుకుంటారు. ఊరుకున్న ఆ జవాబులన్నీ ఎక్కడికి పోతున్నాయన్న కుతూహలంతోనే ఏడేళ్ళు తిండీ నిద్రా మాని ఆ బిళ్ళ కనిపెట్టింది. గట్టిగా తెలిసిన జవాబుకే గుట్ట లేస్తుందనీ, తెలిసీ తెలియనిదానికి లేవదనీ కొన్ని వందలమంది మీద తేల్చింది.

అది చూసి శారదాంబ స్మారక నిధి అనే సంస్థ ముందుకొచ్చింది. కంప్యూటర్ సైన్సు చదవబోయే ఆడపిల్లలకి నాలుగేళ్ళ ఫీజూ హాస్టలూ భరించే ఉపకారవేతనం పెట్టింది. రాతపరీక్ష పెడితే కోచింగుకి వెళ్ళినవాళ్ళే వస్తారు. ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే పిల్లలు బెదిరిపోతారు. అందుకని అడగడమే మానేశారు. హాల్లో అందర్నీ కూర్చోబెట్టి, బిళ్ళలు అంటించి, ముప్ఫై ప్రశ్నలు పైకి చదివేవారు. చెప్పేవాళ్ళు చెప్పొచ్చు, ఊరుకునేవాళ్ళు ఊరుకోవచ్చు. ముప్ఫైకి పద్దెనిమిది గుట్టలు లేస్తే చాలు, ఉపకారవేతనం వచ్చినట్టే.

మూడేళ్ళు బాగానే సాగింది. నాలుగో ఏడు పలాస నుంచి వచ్చిన హిమజ అనే పిల్ల ఒక్కసారి కూడా చెయ్యెత్తలేదు. ఆ పిల్ల గొంతులో లేచిన గుట్టలు మాత్రం రెండువందల పదకొండు.

అందుకే తల్లితో సహా రమ్మని ఉత్తరం వెళ్ళింది.

హిమజ తల్లి మోహినమ్మ పలాసలో జీడి ఫ్యాక్టరీలో పప్పు గ్రేడింగు చేస్తుంది. ఇరవై రెండేళ్ళుగా అదే పని. బల్లమీద కుప్పగా పోసిన పప్పులోంచి విరగని గుండు ఒకవైపు, రెండుగా చీలిన బద్ద ఒకవైపు, ముక్క ఒకవైపు ఏరాలి. గుండుల్లో మళ్ళీ పెద్దవీ చిన్నవీ వేరుచేసి పెట్టెలకెత్తాలి. ప్రతి పెట్టెలోనూ ఏరిన మనిషి నంబరు రాసిన చీటీ పడుతుంది. ఎక్కడో కొన్నవాడు పెట్టె విప్పి గుండుల్లో బద్దలు చూశాడంటే, ఆ పెట్టె చీటీతో సహా వెనక్కి వచ్చేస్తుంది. దాన్ని అందరిముందూ బల్లమీద బోర్లించి, ఆ మనిషిచేతే మొదట్నించీ ఏరిస్తారు. మోహినమ్మది పద్నాలుగో నంబరు. పద్నాలుగో నంబరు పెట్టె ఇంతవరకూ తిరిగి రాలేదు. ఆ సంగతి ఆమె తనంతట తాను చెప్పుకోదు గానీ, ఎవరైనా చెబితే కాదనదు.

హిమజకి శశిరేఖ కాలేజీలోనే సీటు వచ్చింది. శుక్రవారంలోగా చేరాలి. ఉపకారవేతనం వస్తేనే చేరడం. రాకపోతే పలాసలో డిగ్రీ, అదీ పూర్తవుతుందో లేదో. గ్రేడింగు బల్ల దగ్గర ఎప్పుడూ ఎవరో ఒకరికి చోటు ఉంటూనే ఉంటుంది. ఆ చోటు మాట మోహినమ్మ ఇంట్లో ఎత్తనివ్వదు. తండ్రి జోగారావు లారీ తోలుకుని ఒడిశా వెళ్ళాడు. "నానొచ్చీసరికి గుంట కాలేజీలో ఉండాల" అని ఫోనులో చెప్పి పెట్టేశాడు.

సోమవారం పొద్దున్న తల్లీకూతుళ్ళు ప్రయోగశాలలో కూర్చున్నారు. లోపల నిధి కార్యదర్శి విఠల్ కూడా ఉన్నాడు. మనిషి చెడ్డవాడు కాదు. కానీ మామూలుకంటే ఎక్కువ కనిపించిన ప్రతిదాన్నీ అనుమానించడం ఆయన ఉద్యోగం.

"నోట్లో ఏమైనా పెట్టుకుందేమో చూశారా మేడం? వక్కపలుకో, బబుల్‌గమ్మో."

"రెండుసార్లు చూశాను. మీకంతగా ఉంటే మూడోసారి మీరు చూడండి" అంది శశిరేఖ. ఆవిడ కళ్ళు మెరిసిపోతున్నాయి. హిమజ దవడ కింద బిళ్ళ అంటించి, "భయపడకమ్మా. నువ్వేం చెప్పక్కర్లేదు. ఊరికే విను" అంది.

మోహినమ్మ ఉండబట్టలేక అడిగింది. "ఆ గుట్టలేటమ్మా?"

"మీకు ఎవరినో గట్టిగా ఒక మాట అనాలనిపించింది. నాలిక చివరిదాకా వచ్చింది. ఎందుకులే అని ఊరుకున్నారు. అప్పుడు ఒక గుట్ట లేస్తుంది."

"అలాటివి మాకు రోజుకి నలభై ఉంతాయమ్మా. ఈ తెర సాలదు."

శశిరేఖ పకపకా నవ్వింది. మోహినమ్మకి ఆవిడ నచ్చింది. యంత్రం కూడా నచ్చింది. లోపలికి పోయిన మాటకి ఒక లెక్కంటూ ఉండటం బాగానే ఉందనుకుంది.

"మూడు స్విచ్చులున్నాయి. ఒక్కొక్కటీ వేసైనా ఉండొచ్చు, ఆపైనా ఉండొచ్చు. మొత్తం ఎన్ని రకాలుగా ఉండొచ్చు?" శశిరేఖ చదివింది.

హిమజ తన చేతిగోళ్ళు చూసుకుంటూ కూర్చుంది. తెరమీద గుట్టలు లేవడం మొదలైంది. చిన్నవి నాలుగు, ఐదోది పెద్దది. మళ్ళీ చిన్నవి.

"చూశారా! ప్రశ్న పూర్తికాకముందే మొదలైంది" అని శశిరేఖ కుర్చీలోంచి లేచిపోయింది. "ఒకే ప్రశ్నకి ఏడెనిమిది జవాబులు వెతికి, అన్నీ మింగేస్తోంది. విఠల్‌గారూ, ఇలాంటి బుర్ర నేను చూడలేదు."

మోహినమ్మ కూడా చూడటం ఆపలేదు. చిన్నవి నాలుగు, ఐదోది పెద్దది. మధ్యలో ఎడం ఒక్కలాగే ఉంది. ఆ గుట్టలు ఏమిటో ఆమెకి తెలుసు. ఆ గదిలో ఆమె ఒక్కదానికే తెలుసు.

గ్రేడింగు హాల్లో ఆడవాళ్ళు మూతికి గుడ్డ కట్టుకుంటారు. మాట్లాడకూడదు, పప్పుమీద తుంపర పడుతుందని యజమాని రూలు. కానీ అరకిలోకి ఇన్ని గుండులని లెక్క సరిపోవాలి కాబట్టి, ఏరుతున్నంతసేపూ లెక్కపెడుతూ ఉండాలి. పైకి అంటే కుదరదు, మనసులో అనుకుంటే తప్పిపోతుంది. అందుకని గొంతులో అనుకుంటారు. గుప్పెట్లో నాలుగేసి తీస్తూ, నాలుగు, ఎనిమిది, పన్నెండు, పదహారు అని మాట బయటికి రాకుండా గొంతుతో పలికి, ఇరవై దగ్గర ఒక గుటక వేస్తారు. గుటక పడిందంటే ఇరవై అయినట్టు. హిమజ ఐదో ఏటినుంచీ సెలవుల్లో తల్లి పక్కన ఆ బల్ల దగ్గరే కూర్చుని, ఆమెతో పాటు ఏరుతూ పెరిగింది.

మధ్యాహ్నం కాలేజీ క్యాంటీన్లో పులిహోర తింటూ మోహినమ్మ మెల్లగా కదిపింది.

"ఆయమ్మ అడుగుతున్నప్పుడు నీ లోపల ఏటవుతాదే?"

"ఏటవుతుంది? ఆలోచిస్తాను."

"ఆలోచించినప్పుడు ఏటైనా అనుకుంతావా? లెక్కలాగ?"

"లెక్కేటమ్మా?" హిమజ ముఖంలో నిజంగానే ఏమీ లేదు. ఊపిరి పీల్చుకోవడం ఎవరికి గుర్తుంటుంది! ఆ పిల్ల లెక్కపెడుతున్నట్టు ఆ పిల్లకే తెలీదు.

"మరి జవాబులు నీకు తెలుసేటి?"

"కొన్ని తెలుసు, కొన్ని తెలీదు. రెండువందల పదకొండు అంటే నాకే నవ్వొస్తంది. అన్ని జవాబులు నాకెక్కడివి?" అని, హిమజ గొంతు తగ్గించింది. "కానీ మేడం నన్ను చూసి అంత సంబరపడిపోతంటే, ఏం చెప్పాలో తెలీడం లేదమ్మా. వచ్చీసినట్టేనేటి?"

మోహినమ్మ తన పులిహోర కూతురివైపు తోసేసింది. నోరు మూసుకుంటే పిల్ల చదువుకుంటుంది. నోరు మూసుకోవడం తనకి చేతకానిదేమీ కాదు, ఇరవై రెండేళ్ళ అనుభవముంది.

మూడింటికి మళ్ళీ వెళ్ళేసరికి విఠల్ అనుమానం కూడా కరిగిపోయినట్టుంది. బల్లమీద ఒక ఒప్పందం కాగితం సిద్ధంగా ఉంది. శశిరేఖ మోహినమ్మ చేతులు పట్టుకుని కూర్చోబెట్టింది.

"మీ అమ్మాయికి ఉపకారవేతనం ఇవ్వడమే కాదు, ఇంకో ఏర్పాటు చేస్తున్నాం. నాలుగేళ్ళూ ఈ బిళ్ళ తియ్యకుండా ఉంచుకోవాలి. క్లాసులో, హాస్టల్లో, ఇంట్లో, ఎక్కడైనా. రోజూ వచ్చి నా దగ్గర గంట కూర్చోవాలి. ఈ పిల్ల గొంతులో ఏం జరుగుతోందో తెలిసిందంటే, వచ్చే ఏడు ఈ పద్ధతి ఇరవై కాలేజీలకి వెళ్తుంది." మోహినమ్మ గొంతువైపు చూసింది. "ఇది వంశంలో వచ్చిందేమోనని నాకొక అనుమానం. మీకూ ఒకసారి అంటిస్తే అభ్యంతరమా?"

అభ్యంతరం ఉందని చెప్పడానికి మోహినమ్మకి కారణం దొరకలేదు. బిళ్ళ చల్లగా తగిలింది.

"అమ్మాయికి చిన్నప్పటినుంచీ ఇలాంటి అలవాటు ఏమైనా ఉందా? ఎందుకిలా అవుతోందో మీకేమైనా తెలుసా?"

"నాకేటి తెలుస్తాదమ్మా" అంది మోహినమ్మ.

ఆ మాట పూర్తయ్యేలోగా తెరమీద గుట్ట లేచింది. ఒకే ఒక్కటి, నిట్టనిలువుగా. హిమజ చూసింది. విఠల్ చూశాడు. శశిరేఖ అందరికంటే ముందు చూసింది. మోహినమ్మకి చెవులు వేడెక్కాయి. పదిమందిలో కొంగు జారినంత సిగ్గు వేసింది.

శశిరేఖ చెయ్యి చాచి తెర ఆపేసింది. మోహినమ్మ గొంతుమీది బిళ్ళ తనే ఒలిచింది. "ఇది మాట వినదండీ. మీరు చెబితేనే నాకు తెలుస్తుంది. చెప్పకపోయినా ఈ కాగితం ఇలాగే ఉంటుంది" అని కలం అందించింది.

మోహినమ్మ కలం పట్టుకుంది. నాలుగేళ్ళు. రోజూ గంట. కూతురి మెడకి కట్టిన ఆ బిళ్ళ, దానిలో లేని అద్భుతం కోసం వెతుకుతూ ఈ పెద్దమనుషులు. ఏదో ఒక రోజు ఎవరో ఒకరు కనిపెట్టకపోరు. అప్పుడు అందరిముందూ బోర్లిస్తారు, పిల్లని. గుండుల్లో కలిపి పంపిన బద్ద తిరిగి రాకుండా ఉండటం ఆమె ఎన్నడూ చూడలేదు. అంతకంటే ముందు, అలా కలిపి పంపడమే ఆమెకి చేతకాదు.

"మేడమ్మ గారూ, ఒక పళ్ళెం ఇప్పించండి" అంది. "ఏరడానికి ఏటైనా పోసి."

స్క్రూలు, నట్లు కలిసిపోయిన డబ్బా ఒకటి దొరికింది. మోహినమ్మ బిళ్ళ తిరిగి అంటించమంది. నోరు గట్టిగా మూసుకుని ఏరడం మొదలుపెట్టింది. ఆమె వేళ్ళు చూస్తే కళ్ళు తిరిగేలా ఉన్నాయి. తెర మీద చిన్నవి నాలుగు, ఐదోది పెద్దది. మళ్ళీ చిన్నవి నాలుగు, ఐదోది పెద్దది. డబ్బా సగమయ్యేసరికి తెర నిండిపోయింది.

"ఇది మా లెక్కమ్మా. ఇరవైకి ఒక గుటక. ఈ గుంట నా పక్కన కూకుని నేర్సీసుకుంది. దానికి తెల్దు. దాని తప్పేటీ నేదు."

శశిరేఖ ముందు పెద్దగా నవ్వింది, చిన్నపిల్లలా, ముడి విడిపోయిన సంతోషంతో. నవ్వు సగంలోనే ఆగిపోయింది. జవాబుకీ లెక్కకీ తేడా తెలియని యంత్రం కోసం ఏడేళ్ళు పోయాయని ఆవిడకి అప్పుడు తట్టింది. మూడేళ్ళుగా ఏ పిల్లకి ఏది జవాబని లెక్కేశానో అనుకుంటూ కుర్చీలో వెనక్కి వాలింది.

"వేరు చెయ్యగలరా?" అని అడిగింది. "మొదటి రోజు పరీక్షవి అన్నీ ఉన్నాయి."

మోహినమ్మ చూపుడువేలు తెరమీద పెట్టింది. ఇది లెక్క. ఇది లెక్క. ఇదిగో, ఇక్కడ ఎడం మారింది, ఇది మాట. ఇది మళ్ళీ లెక్కే. ముప్పావుగంటసేపు రెండువందల పదకొండు గుట్టల్నీ ఏరింది. కూతురిదని ఒక్కటి కూడా చూసీచూడనట్టు పోనివ్వలేదు. అనుమానమొచ్చిన ప్రతిదాన్నీ లెక్కలోకే తోసేసింది. చివరికి మాటలని తేలినవి పదకొండు.

విఠల్ గొంతు సవరించుకున్నాడు. "కావలసింది పద్దెనిమిది. మీ నిజాయితీకి దండం పెడతానమ్మా. కానీ రూలు రూలే. ఐదున్నరకి జాబితా మీద సంతకాలైపోతాయి."

హిమజ ఎవరివంకా చూడకుండా లేచి సంచీ భుజాన వేసుకుంది.

ఆర్టీసీ కాంప్లెక్సులో పలాస బస్సు సిద్ధంగా ఉంది. ఇద్దరూ ఎక్కి కూర్చున్నారు. హిమజ కిటికీవైపు తిరిగిపోయింది. కళ్ళనిండా నీళ్ళున్నాయి, తుడుచుకోవడం లేదు. మోహినమ్మకి ఆ పిల్ల భుజంమీద చెయ్యి వెయ్యాలని ఉంది, ధైర్యం చాలలేదు. తను చేసింది తప్పని ఆమె అనుకోలేదు. కానీ పిల్ల ఏడుస్తుంటే ఒప్పు కూడా రాయిలా బరువుగా ఉంది.

"మూడోది నువ్వు లెక్కలో వేసీసినావు" అంది హిమజ ఉన్నట్టుండి, కిటికీలోకే చూస్తూ.

"ఏటి?"

"స్విచ్చుల ప్రశ్న. జవాబు ఎనిమిది. లెక్కలో ఎనిమిది ఉండే చోటే లేచిందని నువ్వు లెక్క అన్నావు. అది లెక్క కాదు, జవాబు. నాకు తెలుసు." ఆమె తల్లివైపు తిరిగింది. "తొమ్మిదోది పదహారు. అదీ లెక్కలో వేసీసినావు. ఇరవై మూడోది పెద్ద గుట్ట, గుటక అన్నావు. గుటక కాదమ్మా అది. అలాటివి ఎనిమిది ఉన్నాయి. నువ్వు ఏరుతున్నప్పుడే నాకు తెలిసింది."

జవాబే అంకె అయినప్పుడు అది లెక్కలో కలిసిపోతుందన్నది మోహినమ్మకి తట్టనే లేదు. పద్నాలుగో నంబరు మొదటిసారి తప్పు ఏరింది.

"మరక్కడే సెప్పలేదేటే!"

"అందరూ ఉన్నారు కదా. నువ్వు అంత బాగా ఏరుతున్నావు, మేడం రాసుకుంటన్నారు... మధ్యలో ఎలా చెప్తాను?"

ఇంజను మోగింది. కండక్టరు టిక్కెట్లు టిక్కెట్లంటూ వస్తున్నాడు. మోహినమ్మ కూతురి సంచీ లాక్కుని, ముందున్నవాళ్ళని తోసుకుంటూ కిందికి దిగిపోయింది. "ఓలమ్మో, దిగాలి బాబూ, ఆపండి!"

ఆటో దొరికేదాకా హిమజ ఒకటే పాట. "అమ్మా, నువ్వు చెప్పవా? నువ్వైతే వింటారు."

"నాను సెప్పాల్సింది సెప్పీసినాను. నీది నువ్వే సెప్పు."

వాళ్ళు వెళ్ళేసరికి ఐదు దాటి పది నిమిషాలైంది. శశిరేఖ బిళ్ళలన్నీ ఒక డబ్బాలో సర్దుతోంది. విఠల్ ఎదురుగా ఫైలు తెరిచి ఉంది. హిమజ గుమ్మంలో నిలబడింది. మోహినమ్మ వెనకే ఉంది గానీ పెదవి కదపలేదు. కూతురి వీపుమీద చెయ్యి వేసి నెట్టాలన్నంత ఆత్రంగా ఉంది ఆమెకి.

"సార్" అంది హిమజ. "మా అమ్మ ఎనిమిది జవాబులు లెక్కలో కలిపీసింది."

విఠల్ విన్నాడు. విని తల అడ్డంగా ఊపాడు. "నువ్విప్పుడు చెబితే ఎలాగమ్మా? అవి జవాబులని యంత్రం చెప్పాలి కదా."

"యంత్రానికి లెక్కే తెలీదని ఇందాకే చూశాంగా" అంది శశిరేఖ. ఆవిడ చేతిలో డబ్బా పక్కన పెట్టేసింది. "పిల్ల ఎదురుగా ఉంది. అడుగుదాం. నాలుగేళ్ళలో ఆ పని ఒక్కటే చెయ్యలేదు మనం."

అడిగింది. హిమజ నిలబడే చెప్పింది. స్విచ్చులకి ఎనిమిది. తొమ్మిదోదానికి పదహారు, ఎందుకో కూడా చెప్పింది. మొదట్లో మాట మాటకీ ఆగింది, తర్వాత ఆగలేదు. ఏడు ప్రశ్నల్లో ఆరు సరిపోయాయి. ఒకదాని దగ్గర, "తెలుసనుకున్నాను, తెలీదు మేడం" అని ఒప్పేసుకుంది. విఠల్ వేళ్ళమీద కూడాడు. పదకొండూ ఆరూ పదిహేడు. ఇక మిగిలింది ఇరవై మూడోది.

"వెయ్యి పేర్ల జాబితా ఉంది. ఫలానా పేరు అందులో ఉందో లేదో తేల్చాలి. ఎంత తెలివిగా వెతికినా, మహా అయితే ఎన్ని పేర్లు చూడాల్సి వస్తుంది?" శశిరేఖ చదివింది.

"వెయ్యి."

శశిరేఖ ముఖం వాడిపోయింది.

"పది" అన్నాడు విఠల్, నిజంగానే బాధపడుతూ. "మధ్య పేరు చూసి సగం కొట్టెయ్యాలి, మళ్ళీ మధ్యది చూసి సగం కొట్టెయ్యాలి. పదిసార్లలో తేలిపోతుంది. నాలుగేళ్ళుగా వింటున్నాను, నాక్కూడా వచ్చేసింది. ఒక్కటి తగ్గిందమ్మా. ఏం చెయ్యను?" ఫైలు మూశాడు.

హిమజ తల్లివంక చూసింది. మోహినమ్మకి పది ఎందుకో తెలీదు, వెయ్యి ఎందుకో తెలీదు. కూతురి ముఖం మాత్రం తెలుసు. ఆ పిల్ల గొంతు ఒక్కసారి పైకి లేచి కిందికి దిగబోవడం ఆమె కళ్ళారా చూసింది.

"మింగీకే, పైకి సెప్పు" అంది.

"ప్రశ్న తప్పు సార్" అంది హిమజ.

విఠల్ కళ్ళజోడు తీశాడు. "ప్రశ్నా?"

"పేర్లు వరసలో ఉన్నాయని చెప్పలేదు. వరసలో ఉంటేనే సగం కొట్టెయ్యడం కుదురుతుంది. లేకపోతే ఒక్కొక్కటీ చూడాల్సిందే, చివరిదాకా."

"జాబితా అన్నాక వరసలోనే ఉంటుంది కదమ్మా."

"వరసలో ఎవరు పెట్టారు సార్?"

శశిరేఖ ప్రశ్నపత్రం అందుకుని ఇరవై మూడోది ఒకసారి చదివింది, వేలు పెట్టుకుని రెండోసారి చదివింది. రాసింది తనే. వరస అన్న మాట ఎక్కడా లేదు. నాలుగేళ్ళలో ఎంతమంది పిల్లలు ఇక్కడ ఆగి, ఇది సరిగ్గా లేదే అనుకుని, గుట్ట లేవక సున్నా తెచ్చుకుని ఇళ్ళకి వెళ్ళిపోయారో ఆవిడ ఊహించుకుంది. సిగ్గు వేసింది. ఆ సిగ్గుని తోసుకుంటూ సంతోషం కూడా వచ్చింది.

"తప్పు నాదే" అంది. "వెయ్యే సరైనది. పద్దెనిమిది రాయండి విఠల్‌గారూ."

విఠల్ కలం టోపీ తీశాడు. పేరు ముందు ఇంటిపేరు ఎలా రాయాలో హిమజనే అడిగి రాశాడు. మోహినమ్మ అక్కడున్న స్టూలుమీద కూలబడి, కొంగుతో ముఖమంతా తుడుచుకుంది. ఏడుపు దాచుకోవాలని ఆమెకి అనిపించలేదు.

హిమజ మాత్రం ఇంకా నిలబడే ఉంది.

"మేడం, పదిహేడోదానిలో కూడా ఒక మాట..." అంది.

శశిరేఖ కుర్చీ ముందుకు లాగింది. "కూర్చో. మొదటిదాన్నించీ చెప్పు."

ఆరున్నరకి పలాస వెళ్ళే ఇంకో బస్సు కూడా పోయింది. హిమజ ఇంకా చెబుతూనే ఉంది, ప్రొఫెసరు కాదంటే కాదని వాదిస్తోంది. మోహినమ్మ ఒక్క ముక్కా అర్థంకాకపోయినా, అలాగే కూర్చుని వింటోంది.